షట్టర్ దించాక దొరికే గంటలు: గోదావరి టౌన్‌లో మాల్ సినిమా, ఒక లొకేషన్ మేనేజర్ కేస్ స్టడీ

గోదావరి జిల్లాల్లో షూటింగ్ పెట్టుకుందామని వచ్చే యూనిట్లు నన్ను అడిగేవి ఎప్పుడూ అవే. లంక, రేవు, పడవ, పెంకుటిల్లు, కొబ్బరితోట మధ్య సన్నటి రోడ్డు. కుమారదేవంలో గట్టు మీద ఉన్న నిద్రగన్నేరు, అందరూ సినిమా చెట్టు అని పిలిచేది, 2024 ఆగస్టులో కూలిపోయినప్పుడు నాకొచ్చిన ఫోన్లు కూడా ‘అలాంటిది ఇంకోటి ఎక్కడుందండీ’ అనే. అలాంటిది ఒక కొత్త దర్శకుడు వచ్చి, కథలో ముప్పాతిక వంతు షాపింగ్ మాల్‌లోనే జరుగుతుందండీ, హైదరాబాద్‌లో తీసి భీమవరం అని బోర్డు పెట్టడం నాకిష్టం లేదు అన్నాడు. నది కనిపించని గోదావరి సినిమా. నాకు వెంటనే నచ్చింది. ఎలా చెయ్యాలో మాత్రం అప్పటికి తెలియదు.

సినిమా ఇంకా విడుదల కాలేదు. అందుకని దాని పేరు, షోరూం పేరు, టౌన్ పేరు రాయడం లేదు. మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను. మాల్‌లో సినిమా తీయాలనుకునే చిన్న బడ్జెట్ వాళ్ళకి పనికొస్తుందని.

కథ, చోటు

బండారులంకలో మగ్గం ఆపేసిన నేతకారుడి కూతురు కథ ఇది. డిగ్రీ మధ్యలో మానేసి టౌన్‌లో బట్టల మాల్‌లో చేరుతుంది. అంచు చేత్తో తడిమి ఏ మగ్గం మీద నేసిందో చెప్పగల పిల్ల, రోజంతా సూరత్ నుంచి దిగిన చీరలు పరిచి చూపిస్తూ ఉంటుంది. బిల్లింగ్ కౌంటర్‌లో ఒక కుర్రాడు, ఒక ఫ్లోర్ సూపర్‌వైజర్, గోడౌన్‌లో ఒక పెద్దాయన. కథలో ముఖ్యమైన మనుషులు వీళ్ళే.

కాకినాడలో మల్టీప్లెక్స్‌తో సహా నగరం తరహా మాల్ ఉంది. భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం లాంటి చోట్ల మాల్ అంటే మెయిన్ రోడ్డు మీద నాలుగైదు అంతస్తుల బట్టల షోరూమే. ముందు అద్దాల గోడ, దాని మీద నిలువెత్తు హీరోయిన్. పెళ్ళి బట్టలకి లంక ఊళ్ళ నుంచి వ్యాను మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ దిగుతారు. పట్టుచీరల ఫ్లోర్‌లో ఆడవాళ్ళు పరుపుల మీద చేరగిలబడి బేరం మొదలుపెడితే, మగవాళ్ళు లిఫ్టు పక్క కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ జేబులు తడుముకుంటారు. ఎస్కలేటర్ ముందు ఒక మామ్మగారు చెప్పులు విప్పాలేమో అని ఆగిపోతుంది, ఆవిడ మనవడు అప్పటికే నాలుగుసార్లు ఎక్కి దిగుంటాడు. ఉక్కపోత సాయంత్రం ఏమీ కొనకపోయినా చల్లదనానికి లోపలికొచ్చి ఒక చుట్టు చుట్టి వెళ్ళేవాళ్ళు సరేసరి. ఇంత సందడి ఉన్న చోటుని మన తెలుగు సినిమా హీరోయిన్ చీరలు మార్చే పాటకి తప్ప పెద్దగా వాడుకోలేదన్నది నా అభిప్రాయం.

ఇలాంటి షోరూంలోకి లోపలివైపు నుంచి చూసిన సినిమా తమిళం నుంచి వచ్చింది. వసంతబాలన్ తీసిన ‘అంగాడి తెరు’, 2010. చెన్నై టీ నగర్ రంగనాథన్ వీధిలో ఒక పెద్ద బట్టల దుకాణం, పల్లెల నుంచి తెచ్చి హాస్టల్లో కుక్కిన పనివాళ్ళు, కూర్చుంటే జీతం కోత. తెలుగులో ‘షాపింగ్ మాల్’ అన్న పేరుతోనే డబ్బింగ్ అయింది. అందులో సేల్స్ గర్ల్‌గా వేసిన అంజలి మన రాజోలు అమ్మాయి. మా దర్శకుడు దాన్ని చాలాసార్లు చూశాడు. అది నిజం వీధి జనాన్ని వాడుకున్న సినిమా. మనకి ఆ జనమూ లేరు, వాళ్ళని అదుపు చేసే డబ్బూ లేదు. కాబట్టి దాని చూపు తీసుకోవచ్చు, పద్ధతి తీసుకోలేం అని మొదటి మాటల్లోనే తేల్చుకున్నాం.

ఎక్కడ తీయాలి

మాల్ సినిమాలు ఇన్నేళ్ళుగా ఎలా తీశారో చూస్తే దార్లు కొన్నే.

పెద్ద డబ్బున్నవాళ్ళు సెట్ వేస్తారు. 2022లో తమిళ హీరో విజయ్ ‘బీస్ట్’కి చెన్నైలో మాల్ సెట్ వేశారు. తుపాకులు పేల్చాలి, అద్దాలు పగలాలి కనక అక్కడ అది తప్పదు. మాకు సెట్ కుదరకపోవడానికి గోడల ఖర్చు ఒక్కటే కారణం కాదు. గోడలు కట్టొచ్చు, అరల్లోకి సరుకు ఎక్కణ్ణుంచి తెస్తాం? ఒక్క ఫ్యాన్సీ చీరల ఫ్లోర్‌లోనే వేల చీరలుంటాయి. కెమెరా అటు తిరిగిన ప్రతిసారీ అవి కనిపించాలి.

రెండో దారి మూతపడ్డ మాల్. హాలీవుడ్ సినిమా ‘ద బ్లూస్ బ్రదర్స్’లో పోలీసు కార్లు దుకాణాల మధ్యనుంచి దూసుకుపోయేది ఇల్లినాయిస్‌లోని డిక్సీ స్క్వేర్‌లో. ఆ మాల్ 1978లో మూతపడింది, సినిమా 1980లో వచ్చింది. సినిమా కోసం మళ్ళీ దుకాణాలు సర్ది, వాటిని కార్లతో గుద్దించారు. ఆ భవనం 2012 దాకా పాడుపడి ఉండి చివరికి నేలమట్టమైంది. జాక్ స్నైడర్ 2004 ‘డాన్ ఆఫ్ ద డెడ్’ కూడా కెనడాలో పడగొట్టబోయే మాల్‌లోనే తీశారు. అమెరికాలో మాల్స్ చచ్చిపోతున్నాయి కాబట్టి వాళ్ళకి ఆ వసతి ఉంది. మన డెల్టాలో ఒక షోరూం మూతపడితే ఏడాది తిరక్కుండా అదే అద్దాల వెనక ఇంకో బోర్డు వెలుగుతుంది.

నన్ను పట్టుకున్నది మూడోది. జార్జ్ రొమేరో 1978 ‘డాన్ ఆఫ్ ద డెడ్’, స్నైడర్ మళ్ళీ తీసిన జాంబీల కథకి మూలం ఇదే. పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్ మాల్, నడుస్తున్న మాల్. మాల్ యాజమాన్యంలో తెలిసినవాళ్ళు ఉండబట్టి రొమేరోకి జనం చూడని లోపలి భాగాలు చూసే వీలు దొరికింది, కథ ఆలోచన అక్కడే పుట్టింది. 1977-78 చలికాలంలో రాత్రి దుకాణాలు మూశాక మొదలుపెట్టి తెల్లారేసరికి ఖాళీ చేసేవాళ్ళు. క్రిస్మస్ అలంకరణలు కట్టగానే, రోజూ వాటిని విప్పి కట్టలేక షూటింగే ఆపి, పండగ వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టారు. ఆ సినిమా అంతా మూసేసిన మాల్‌లో చిక్కుకున్న నలుగురి కథ. వాళ్ళకి దొరికిన గంటలు ఖాళీ మాల్ గంటలు, కథా ఖాళీ మాల్ కథే. తర్వాతివాళ్ళు దాన్ని వినియోగదారుల సంస్కృతి మీద వ్యంగ్యం అని ఎంత రాసినా, లొకేషన్ మేనేజర్‌గా నాకు మొదట కనిపించేది ఈ పొదుపే. యజమాని మనకి అద్దెకిచ్చేది గంటలు. ఆ గంటల్లో ఆ చోట సహజంగా ఏం జరుగుతుందో అదే కథ కావాలి. మా కేసులో ప్రతి నిర్ణయమూ దీన్నుంచే వచ్చింది.

మూఢంలో ముహూర్తం

బట్టల వ్యాపారానికి ఖాళీ నెల అంటూ లేదనుకుంటాం. క్రిస్మస్, సంక్రాంతి, ఉగాది, శ్రావణం, దసరా. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో డిస్కౌంట్ల తోపులాట. యజమానులతో మాట్లాడగా మాట్లాడగా ఒకే సందు కనిపించింది: మూఢం. పండగా లేదు, పెళ్ళీ లేదు, తగ్గింపూ లేదు. ఉన్న సరుకు లెక్క చూసుకునేదీ, రంగులు వేయించుకునేదీ అప్పుడే. ఒక టౌన్‌లో మూడో తరం వ్యాపారి ఒకాయన, ‘పగలు నా జోలికి రాకండి. రాత్రి మీ ఇష్టం. తెల్లారి నా మొదటి బేరం చెడకూడదు, అంతే’ అన్నాడు. ఇంతకంటే స్పష్టమైన ఒప్పందం ఇంకేముంటుంది.

చిక్కు మన వాళ్ళ దగ్గరే వచ్చింది. మూఢంలో సినిమా మొదలుపెట్టడమా అని నిర్మాతగారి అమ్మగారు ససేమిరా అన్నారు. ఆవిడ మాట తీసెయ్యలేం, డబ్బు ఆవిడ చేపల చెరువుల మీదే వస్తోంది. దాంతో మూఢం రాకముందే గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, దేవుడి పటం మీద క్లాప్ కొట్టి, మొదలైన షూటింగ్ మూఢంలో కొనసాగుతోంది అన్న లెక్కలో అందరం సర్దుకున్నాం.

గడియారానికి తగ్గ స్క్రిప్టు

చేతికి వచ్చిన సమయం ఇది. తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించుతారు. లోపల మిగిలిన కస్టమర్లు వెళ్ళి, క్యాష్ లెక్క కుదిరేసరికి పదిన్నర. సామాను ఎక్కించి లైట్లు సర్దుకునేసరికి పన్నెండు. ఐదింటికల్లా సర్దుడు మొదలు, ఏడింటికి ఊడ్చేవాళ్ళు వస్తారు. పేరుకి ఎనిమిదిన్నర గంటలు, కెమెరా తిరిగేది ఐదే.

మొదటి స్క్రిప్టులో సగం సీన్లు జనంతో కిటకిటలాడే పగటిపూట జరిగేవి. దర్శకుడు వాటిని వదులుకోలేకపోయాడు. అప్పుడు తిరగరాత గురించి కూర్చున్నాం. ఆ ఖాళీ గంటల్లో షోరూంలో నిజంగా ఏం జరుగుతుందని సూపర్‌వైజర్‌ని అడిగితే స్టాక్ చెకింగ్ సంగతి చెప్పాడు. ఏడాదికొకసారి షట్టర్ దించి, అందరూ ఉండిపోయి, ఒక్కో అరా దించి ఒక్కో చీరా లెక్కపెడతారు. లెక్క తేలకపోతే ఎవరో ఒకరి మీద పడుతుంది. కథకి వెన్నెముక అక్కడ దొరికింది. సినిమా మొత్తం ఒకే రాత్రి స్టాక్ చెకింగ్ అయింది. ఒక పట్టుచీర తక్కువొస్తుంది. పగటి సీన్లు ఆ రాత్రిలో గుర్తొచ్చే ముక్కలుగా కుదించుకుపోయాయి.

ఆ ముక్కల్ని కూడా రాత్రే తీశాం. చలి తట్టుకోలేని మిన్నెసోటాలో 1956లో ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూయెన్ కట్టిన సౌత్‌డేల్ మాల్ దగ్గర్నుంచీ పూర్తిగా కప్పేసిన మాల్‌కి బయటి వాతావరణంతో పని లేదు. మన షోరూం వాళ్ళు గ్రూయెన్ పేరు విని ఉండకపోవచ్చు గానీ కిటికీలన్నీ అరలతో మూసేసి అదే పని చేశారు. రెండో అంతస్తు దాటితే పగలో రాత్రో చెప్పలేం. కింది అంతస్తు అద్దాల గోడ ఒక్కటే సమస్య. ఆ ఫ్లోర్ పగటి సీన్లు రెండు మాత్రం షోరూం తెరవకముందు పొద్దున్న, వీధి ఇంకా పల్చగా ఉన్నప్పుడు తీసుకున్నాం.

లైట్లు, నీళ్ళు, అద్దాలు

షోరూం లైట్లనే వాడుకుందాం అని కెమెరామన్ పట్టుబట్టాడు. చీర రంగు చూపించడానికే పెట్టిన లైట్లు కదా, వాటికంటే బాగా మనమేం పెడతాం అని. మంచి వాదనే. కానీ అన్నీ ఒకసారి కొన్న లైట్లు కావు, పాడైనప్పుడల్లా దొరికిన కంపెనీది బిగించారు. ఒక వరస తెల్లగా, పక్క వరస పచ్చగా. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకి 24 ఫ్రేముల దగ్గర కెమెరా షట్టర్‌ని 172.8 డిగ్రీలకి పెడితే మామూలు మిణుకు కనిపించదు. చవక ఎల్ఈడీల్లో కరెంటునిచ్చే డ్రైవర్ సర్క్యూట్లు సొంత లయలో కొట్టుకుంటాయి, వాటికి ఈ లెక్క చాలదు. రెక్కీలో, అంటే షూటింగ్‌కి ముందు చోటు చూసుకోవడానికి వెళ్ళినప్పుడు, ఫోన్ స్లో మోషన్‌లో పెట్టుకుని ఫ్లోర్ ఫ్లోరూ తిరిగి, చారలు కనిపించిన బల్బుకల్లా టేపు ముక్క అంటించాం. వాటిని యజమానే మార్పించాడు. ఎలాగూ మార్చాల్సినవే, ఏవి మార్చాలో మీరు చెప్పారు అన్నాడు.

అసలు భయం సీలింగ్‌లో ఉంది. నిప్పంటుకుంటే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ మూతిలో ఎర్ర ద్రవం ఉన్న చిన్న గాజు గొట్టం ఉంటుంది. 68 డిగ్రీల దగ్గర అది పగిలి నీళ్ళు విడుస్తుంది. ఫాల్స్ సీలింగ్‌కి అడుగు దూరంలో వేడెక్కే పెద్ద లైటు పెట్టి మర్చిపోతే పట్టుచీరల ఫ్లోర్ చెరువవుతుంది. అందుకని వేడి లైటు ఒక్కటి కూడా లోపలికి రాలేదు, పొగ మెషిన్ మాట ఎత్తనివ్వలేదు. కెమెరామన్‌కి నా మీద కోపమే వచ్చింది. పొగ లేకపోతే గోడౌన్ సీన్‌లో కిరణాలు రావన్నాడు. పాత మూటలు దులిపితే వచ్చే దుమ్ముతో ఆ సీన్ తీశాం, అదే బాగుంది.

అద్దాల దగ్గర అందరికీ ఒక భ్రమ ఉంటుంది, పోలరైజర్ ఫిల్టర్ పెడితే సరిపోతుందని. షోకేసు గాజు మీద ప్రతిబింబాన్ని అది తగ్గిస్తుంది. వెనక పూత ఉన్న నిలువుటద్దం దగ్గర దాని ఆట సాగదు. చీరల ఫ్లోర్‌లో స్తంభానికి నాలుగు వైపులా నిలువుటద్దాలే. కెమెరా ఎటు పెట్టినా సౌండ్ అసిస్టెంటు ఏదో ఒక అద్దంలో తేలేవాడు. కొన్నిటికి చీరలు కప్పాం, కొన్నిటిని కొద్దిగా వంచాం. జాకీ చాన్ 1985 ‘పోలీస్ స్టోరీ’ క్లైమాక్స్‌లో హాంకాంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ అద్దాలన్నీ మనుషుల చేత పగలగొట్టించాడు, యూనిట్ వాళ్ళు దాన్ని గ్లాస్ స్టోరీ అని పిలుచుకున్నారట. మాకు ఒక్క అద్దం మీద గీత పడినా డిపాజిట్ పోయేది.

చప్పుడు

సింక్ సౌండ్ కావాలన్నాడు దర్శకుడు, అంటే మాటలు షూటింగ్‌లోనే రికార్డు చెయ్యడం. గోదావరి యాస డబ్బింగ్ థియేటర్‌లో చదివితే చచ్చిపోతుందని అతని నమ్మకం, నాదీ అదే. దానికి ఏసీ ఆపాలి. ఏసీ ఆపితే పావుగంటలో మన ఉక్క సంగతి తెలిసిందే. నటుల చెమట పట్టు మీద పడితే ఆ చీర కొనుక్కోవాల్సింది మేమే. సాయంత్రం నుంచే ఫ్లోర్‌ని బాగా చల్లబరచమని అడిగి, టేక్‌కి ముందు ఆపి, పూర్తవగానే వేసుకుంటూ నడిపాం. పెద్ద సంభాషణలున్న సీన్లు ముందు, మాట లేని సీన్లు తర్వాత. ఎస్కలేటర్ ఆపేశాం. ఆగిన ఎస్కలేటర్ మెట్లు మామూలు మెట్లకంటే ఎత్తు, పెట్టెలు మోస్తూ ఎక్కితే మోకాళ్ళు పోతాయి. సామానుకి వెనక మెట్లే అని బోర్డు పెట్టాం. వర్షం పడ్డ రాత్రి పక్క కాలవలో కప్పలు ఏకధాటిగా అరిచాయి. సౌండ్ రికార్డిస్టు తల పట్టుకున్నాడు గానీ దర్శకుడు ఉంచేశాడు. నాలుగున్నరకి గుడి మైకులో సుప్రభాతం మొదలైతే మాటల సీన్లకి తెర పడినట్టే.

మడత

ఈ కేసులో నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇక్కడుంది. స్క్రిప్టులో ఒక లైను: ‘కస్టమర్లు వెళ్ళిపోయాక ఆమె చీరలు మడత పెడుతుంది.’ అరపేజీ కూడా లేదు. షోరూం వాళ్ళ సిబ్బందిలో ఇష్టపడినవాళ్ళని రాత్రి సీన్లకి తీసుకున్నాం. రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్ళనే, రోజు జీతానికి వేరుగా మా డబ్బు, ఆడపిల్లల్ని ఇంటి దగ్గర దింపడానికి వ్యాను, మర్నాడు సెలవు. ఈ నాలుగూ యజమానితో కాక వాళ్ళతోనే మాట్లాడుకున్నాం.

రిహార్సల్‌లో మా నటి మడత పెడుతుంటే వాళ్ళలో ఒకావిడ ఆగలేకపోయింది. ‘అలా కాదు బంగారం, అంచు నీ వేపుండాలి. కొంగు పైకి రావాలి. మళ్ళీ పరిచేటప్పుడు ముందు కొంగేగా అడుగుతారు’ అంటూ చేతిలోంచి లాక్కుని రెండు విదిలింపుల్లో మడిచేసింది. ‘ఒక్క పెళ్ళివారొచ్చి వెళ్తే ఇట్టాటివి గుట్టలండీ. కొన్నదొకటి, చూసింది వంద. ఆళ్ళు మెట్లు దిగేలోపు మడిచెయ్యకపోతే తర్వాతోళ్ళకి చూపించడానికి చోటుండదు.’ మరి కాళ్ళు పీకవా అన్నాడు దర్శకుడు. ఆయ్, పీకుతాయండీ, ఏం చేస్తాం అంది. పరుపులు కస్టమర్లకి. ఫ్లోర్‌లో వాళ్ళు కూర్చునే చోటు వేరే లేదు.

కేరళ 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి పనివాళ్ళకి కూర్చునే హక్కు ఇచ్చింది. తమిళనాడు 2021లో సీట్లు పెట్టాలని చట్టం చేసింది. ఆ రాత్రి దర్శకుడికి ఈ విషయం చెప్పాను. అతను డైలాగులో పెట్టలేదు. స్టాక్ చెకింగ్ మొదలవగానే అమ్మాయిలంతా కస్టమర్ల పరుపుల మీద కూలబడతారు, సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు పోతాడు, అంత వరకే. మడత సీన్ మాత్రం పెరిగి పెద్దదై ఒకే టేక్‌గా నడిచింది. చీర తర్వాత చీర, గుట్ట తరిగేదాకా. మాల్ సినిమాలు ఎక్కువగా కొనేవాళ్ళ వెంట తిరుగుతాయి. మలయాళంలో 2019లో వచ్చిన ‘హెలెన్’లో మాల్‌లోని దుకాణంలో పనిచేసే అమ్మాయి ఫ్రీజర్ గదిలో ఇరుక్కుంటే, ఆమె బయటికి వెళ్ళలేదని చెప్పగలిగేది సెక్యూరిటీ ఆయన ఒక్కడే. రోజూ వెళ్తూ వెళ్తూ ఆయన్ని పలకరించి నవ్వే మనిషి ఆమె ఒక్కర్తే మరి. ఆ ఒక్క వివరం, మాల్‌లో పనిచేసేవాళ్ళతో కూర్చుని మాట్లాడినవాళ్ళకే తడుతుంది.

కాగితం మీద

ఒప్పందంలో చాలామంది మర్చిపోయేది గోడల మీది బొమ్మలు. హీరోయిన్ పోస్టర్ షోరూం ప్రకటన కోసం ఇచ్చింది, మన సినిమాలో కనిపించడానికి కాదు. అన్నీ తెల్లగుడ్డతో కప్పాం, కప్పలేనిచోట ఫ్రేం మార్చాం. బ్రాండ్ల లోగోలకీ అంతే. నేపథ్యంలో వాళ్ళు వేసే పాటలు పూర్తిగా బంద్. డిపాజిట్, దెబ్బతిన్న సరుకుకి కొన్న ధర కట్టడం, రాత్రంతా వాళ్ళ మనిషి ఒకరు ఫ్లోర్‌లో ఉండటం, సీసీ కెమెరాలు ఆపకపోవడం అన్నీ రాసుకున్నాం. సీసీ కెమెరాల విషయంలో మావాళ్ళు గొణిగారు గానీ నేనే ఉండాలన్నాను. ఒక చీర కనిపించకుండా పోయే కథ తీస్తూ నిజంగా ఒక చీర కనిపించకపోతే మాట ఎవరిమీదకి వస్తుందో ఊహించుకోండి.

రఫ్ కట్, అంటే మొదటి ఎడిటింగ్, అయ్యాక యజమానికి చూపించాం, అది కూడా కాగితంలో ఉంది. సూపర్‌వైజర్ ఆ అమ్మాయిని అందరిముందూ తిట్టే సీన్ దగ్గర ఆయన కుర్చీలో కదిలాడు. మా షాపులో అలా మాట్లాడరండీ అన్నాడు. పక్కన కూర్చున్న ఆయన కొడుకు ఏమీ అనలేదు. సీన్ తీసేయాలని ఆయన, కుదరదని దర్శకుడు, మధ్యలో నేను. ఆ సీన్‌లో మెట్ల పక్కన ఆ షోరూంకి మాత్రమే ఉన్న ఇత్తడి రెయిలింగ్ కనిపిస్తోందని, ఊరివాళ్ళెవరైనా గుర్తుపడతారని ఆయన అసలు బాధ. ఆ షాట్ ఒక్కటి ఇంకో కోణం నుంచి తీసుకోవడానికి ఆయనే ఇంకో రాత్రి ఇచ్చాడు, అద్దె తీసుకోలేదు. తిట్టు అలాగే ఉంది.